రంగులు లేని వైపు

కొన్నేళ్ళ క్రితం అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, లాస్ వేగాస్ చూపిస్తామని తీసికెళ్ళారు. ఆ ఊరి పాత బజారు వైపు ఒక కేసినోలో తిరిగి తిరిగి కాళ్ళు పీకి, నేనొక కుర్చీలో కూలబడ్డాను. బాత్రూముకని వెళ్ళిన మా అల్లుడు నవ్వుకుంటూ తిరిగొచ్చాడు. "అత్తయ్యా, చరిత్ర అంటే చెవి కోసుకుంటారు కదా మీరు! లోపల బెర్లిన్ గోడ ఉంది. కానీ మీరు చూడలేరు" అన్నాడు. సెల్‌ఫోన్‌లో ఫోటో చూపించాడు. నిజంగానే బెర్లిన్ గోడ ముక్క. రంగురంగుల గీతలున్న కాంక్రీటు. దానికి మగవాళ్ళు నిలబడి వాడుకునే యూరినల్స్ వరసగా బిగించి ఉన్నాయి.

"మీరు చూడలేరు" అన్న మాట నాకు కొత్త కాదు. అందుకే ఊరుకోబుద్ధి కాలేదు. కనుక్కుంటే, ఆడవాళ్ళు కావాలని అడిగితే సెక్యూరిటీ వాళ్ళు తోడొచ్చి చూపిస్తారని తెలిసింది. అడిగాను. ఒక కుర్రాడు వచ్చాడు. లోపలున్నవాళ్ళు బయటికి వచ్చేదాకా ఆగి, కొత్తవాళ్ళని గుమ్మం దగ్గర ఆపి, నన్ను లోపలికి పంపాడు. రెండు నిమిషాలు. బయట ఆపుకుంటూ నిలబడ్డ మగవాళ్ళు నావైపు విసుగ్గా చూశారు. ముప్పయ్యేళ్ళు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, ఒక కుర్రాడి దయతో రెండు నిమిషాల చరిత్ర చూసి, ముక్కు మూసుకుని బయటపడ్డాను.

ఇంటికి తిరిగొచ్చాక ఈ సంగతి ఒక సాహిత్య మిత్రుడికి చెప్పాను. పేరున్న కవి. పడీపడీ నవ్వాడు. "నియంతలు కట్టిన గోడకి అంతకన్నా గొప్ప సత్కారం ఏముంటుందండీ? జనం దానిమీద ఉచ్చ పోస్తున్నారు. అదీ ప్రజాతీర్పు! ఇందులో కూడా మీకు స్త్రీవాదమేనా?" అన్నాడు.

అవును, ఇందులో కూడానే. ఆయనకి ఉత్తరం రాద్దామని కూర్చుంటే అది ఇంతయింది.

ముందు ఆ "జనం" అన్న మాట సంగతి చూద్దాం. ఆ గదిలోకి ప్రవేశం ఉన్న జనం ఎవరు? 1982లో తూర్పు జర్మనీ ప్రభుత్వం అత్యవసర పరిస్థితుల్లో ఆడవాళ్ళని కూడా సైన్యంలోకి పిలవడానికి వీలు కల్పిస్తూ చట్టం చేసింది. దాన్ని ధిక్కరిస్తూ కొందరు స్త్రీలు "శాంతి కోసం స్త్రీలు" అనే బృందంగా ఏర్పడ్డారు. చిత్రకారిణి బేర్బెల్ బోలీ, ఉల్రికె పోప్పె వారిలో ఉన్నారు. 1983 డిసెంబరులో ఈ ఇద్దరినీ అరెస్టు చేసి జైల్లో పెట్టారు. అదే బోలీ 1989 సెప్టెంబరులో "న్యూ ఫోరం" స్థాపించినవాళ్ళలో ముందు వరసలో ఉంది. రెండు నెలలు తిరక్కుండా, నవంబరు 9న, గోడ తెరుచుకుంది. ఆ గోడని లోపలినుంచి తోసిన ఈ మనిషి 2010లో చనిపోయింది. బతికుండగా ఆ కేసినోకి వెళ్ళి ఉంటే ఆ ముక్కని చూడడానికి ఆమె కూడా నాలాగే గార్డుని బతిమాలుకోవలసి వచ్చేది. తోసినవాళ్ళు గుమ్మం బయట, గోడతో ఏ సంబంధమూ లేని జూదగాళ్ళు లోపల. దీన్ని ప్రజాతీర్పు అనడానికి నాకు నోరు రావడం లేదు.

మా మిత్రుడు దీన్ని ఒక్క కేసినో వెకిలితనంగా కొట్టిపారేయవచ్చు. కానీ గోడ ముక్కలు ఎక్కడెక్కడ చేరాయో చూస్తే, ఆ బాత్రూము మరీ వింతగా కనపడదు. గోడ తెరుచుకున్న కొద్ది నెలలకే తూర్పు జర్మనీ ప్రభుత్వం తన విదేశీ వ్యాపార సంస్థ ద్వారా దాన్ని ముక్కలుగా అమ్మడం మొదలుపెట్టింది. 1990 జూన్‌లో మాంటెకార్లోలో దాదాపు 80 పలకలు వేలం వేశారు. ఒక్కో పలక 3.6 మీటర్ల ఎత్తు, 1.2 మీటర్ల వెడల్పు, రెండున్నర టన్నులకి పైగా బరువు. దాన్ని కొని, ఓడలో వేసుకుని, తమ పెరట్లో నిలబెట్టుకోగలిగేది ఎవరు? ఒకటి వాటికన్ తోటలోకి వెళ్ళింది. కొన్ని సి.ఐ.ఏ. ప్రధాన కార్యాలయానికి వెళ్ళాయి. ఒకటి కాలిఫోర్నియాలో రోనాల్డ్ రీగన్ పేరిట ఉన్న గ్రంథాలయం ఆవరణలో నిలబడింది. 1987లో బ్రాండెన్‌బర్గ్ ద్వారం ముందు నిలబడి గోడ పడగొట్టమని గర్జించిన ఆ రీగన్ ప్రభుత్వమే, విదేశాల్లో గర్భస్రావ సేవలందించే, ఆ విషయంలో సలహా చెప్పే స్వచ్ఛంద సంస్థలకి కుటుంబనియంత్రణ నిధులు అందకుండా 1984లో గోడ కట్టింది. ఆ గోడ ముక్క ఏ గ్రంథాలయంలోనూ లేదు. పీఠాధిపతులు, గూఢచారులు, దేశాధ్యక్షులు, జూదశాలల యజమానులు. వేటగాడు హాల్లో పులితల తగిలించుకున్నట్టు, గెలిచామని చెప్పుకోవడానికి వీళ్ళంతా ఒక్కో ముక్క తగిలించుకున్నారు. పులితల చూస్తే వేటగాడి సంగతి తెలుస్తుంది. అడవి సంగతి తెలియదు.

గమనించారా, ఎక్కడ పెట్టినా మనవైపు తిప్పి పెట్టేది రంగులున్న వైపే. పూలు, సీతాకోకచిలుకలు, పెద్ద పెద్ద పెదవులున్న ముఖాలు. ఆ రంగులు వేసింది ఎవరు? పశ్చిమ బెర్లిన్ వైపున్నవాళ్ళు. 1984 నుంచి తియరీ నువార్ లాంటి చిత్రకారులు ఆ వైపునే బొమ్మలు వేశారు. గోడ దగ్గరికి నడిచి వెళ్ళి, దాన్ని తాకి, దానిమీద రంగు పూయగలిగినవాళ్ళు వాళ్ళు. రెండో వైపు తెల్లటి సున్నం. ఆ వైపునుంచి గోడ దగ్గరికి రావాలంటే ముందు ఇంకో గోడ దాటాలి, తీగల కంచె దాటాలి, కాపలా బురుజుల దీపాల వెలుగులో ఖాళీ నేల దాటాలి. పారిపోయే మనిషి ఆకారం కాపలావాడి తుపాకికి స్పష్టంగా కనపడాలనే ఆ తెలుపు. అంటే రంగులున్న వైపు గోడ ఒక కాన్వాసు. రంగులు లేని వైపు అది గోడ. ప్రపంచమంతా గోడని చూపిస్తున్నామంటూ కాన్వాసుని చూపిస్తోంది. గోడతో బతికినవాళ్ళ వైపుని వెనక్కి తిప్పేసింది.

సుత్తులు పట్టుకుని గోడని పొడిచి ముక్కలు రాల్చుకున్నవాళ్ళని జర్మన్లు "గోడ వడ్రంగిపిట్టలు" అన్నారు. బెర్లిన్‌లో ఇప్పటికీ ప్లాస్టిక్ పెట్టెల్లో ఆ రాళ్ళు అమ్ముతారు. రంగు లేని రాయి ఎవరూ కొనరు. అందుకని బోసిరాళ్ళకి తర్వాత రంగు కొట్టి అమ్మేవాళ్ళూ బయల్దేరారు. బాధకి మార్కెట్ లేదు, బాధమీద వేసిన బొమ్మకి ఉంది. సాహిత్యంలో ఉన్నవాళ్ళం, మనకి ఈ సూత్రం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక సదస్సుకని బెర్లిన్ వెళ్ళినప్పుడు బెర్నావర్ వీధికి వెళ్ళాను. అక్కడ దాదాపు కిలోమీటరున్నర పొడవునా గోడ ఉన్న చోటునే స్మారకంగా ఉంచారు. గోడ లేనిచోట దాని దారిలో ఇనుప కడ్డీలు పాతారు. మధ్యలోంచి అటూ ఇటూ నడిచి వెళ్ళొచ్చు. ఆ వీధి కథ మనం పాఠాల్లో చెప్పే సరిహద్దు కథల్లాంటిది కాదు. అక్కడ ఇళ్ళు తూర్పు బెర్లిన్‌లో ఉన్నాయి, వాటి ముందున్న పేవ్‌మెంటు పశ్చిమ బెర్లిన్‌ది. 1961 ఆగస్టు 13న సరిహద్దు మూసేసినప్పుడు ఆ ఇళ్ళ ముందుగోడలే సరిహద్దు అయ్యాయి. ముందు వీధి గుమ్మాలు మూశారు. తర్వాత కింది అంతస్తుల కిటికీలకి ఇటుకలు కట్టారు. దేశాల సరిహద్దు అంటే కొండలు, నదులు అని పిల్లలకి చెప్పానే ఇన్నేళ్ళూ! అది వంటింటి కిటికీలోంచి కూడా పోతుందని ఆ వీధిలో నిలబడ్డాక తెలిసింది.

ఆగస్టు 22 ఉదయం 48వ నంబరు ఇంట్లో ఉన్న ఈడా జీక్‌మన్ అనే నర్సు మూడో అంతస్తు కిటికీలోంచి తన పరుపునీ, కొన్ని సామాన్లనీ కిందికి విసిరింది. వాటి వెనకే తనూ దూకింది. ఆసుపత్రికి తీసికెళ్తుంటే చనిపోయింది. మర్నాడు ఆమెకి 59 ఏళ్ళు నిండేవి. బెర్లిన్ గోడ దగ్గర పోయిన మొదటి ప్రాణం ఒక ఒంటరి స్త్రీది. సెప్టెంబరు 24న 77 ఏళ్ళ ఫ్రీడా షుల్జె కిటికీ అంచున వేలాడింది. పైనుంచి మగవాళ్ళు చేతులు పట్టి లోపలికి లాగుతుంటే, కిందినుంచి మగవాళ్ళు కాళ్ళు పట్టి బయటికి లాగారు. ఆమె వలలో పడి బతికింది. ఆ మర్నాడు 80 ఏళ్ళ ఓల్గా జేగ్లర్ దూకింది. కూతురు అవతలి వైపు, దగ్గర్లోనే ఉండేది. ఫైరు సిబ్బంది పట్టిన వలలో పడినా దెబ్బలు తగిలి మరుసటి రోజు చనిపోయింది.

మనం మ్యూజియాల్లో చూసే ఆ ఎత్తైన పలకలు 1975 తర్వాత వచ్చినవి. ఈడా ఎదుర్కొన్న గోడ అది కాదు. ఆమెది కిటికీ. ఓల్గాది కిటికీ. ఆ కిటికీలు ఏ వేలంపాటకీ వెళ్ళలేదు. ఇళ్ళు కూల్చేశారు. కొన్నేళ్ళు ముందుగోడల కింది భాగం మాత్రం మిగిల్చి, తర్వాత అదీ తీసేసి పలకలు పెట్టారు. గోడ అంటే సైనికులు, ట్యాంకులు, దేశాధ్యక్షుల ఉపన్యాసాలు అని మనకి అలవాటు చేసినవాళ్ళు, గోడ అంటే ఒక ముసలామె వేలాడిన కిటికీ అని చెప్పే అవసరం లేకుండా చేసుకున్నారు.

ఇక్కడ నా ఎడమపక్క మిత్రులు గొంతు సవరించుకుంటారు. గోడ వెనక ఆడవాళ్ళకి ఏం తక్కువైందని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. తూర్పు జర్మనీలో 90 శాతం దాకా స్త్రీలు ఉద్యోగంలోనో చదువులోనో ఉండేవారు. మూడేళ్ళలోపు పిల్లల్లో అత్యధికులకి శిశుసంరక్షణ కేంద్రాల్లో చోటుండేది. మొదటి 12 వారాల్లో గర్భస్రావం స్త్రీ నిర్ణయమేనని 1972లోనే చట్టం చేశారు. గోడ పోయాక ఇవన్నీ ఏమయ్యాయి? ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు నిరుద్యోగుల్లో సగాన్ని మించి స్త్రీలే అయ్యారు. 1989కీ 1994కీ మధ్య ఆ ప్రాంతంలో పుట్టే పిల్లల సంఖ్య సగానికన్నా కిందికి పడిపోయింది. గర్భస్రావం హక్కు మీద కొత్త చట్టాన్ని 1993లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. 1995 చట్టం ప్రకారం సలహా కేంద్రానికి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకుంటే శిక్ష ఉండదు, కానీ చట్టవిరుద్ధం అన్న ముద్ర మాత్రం పోదు. విజయస్తంభంలా నిలబెట్టిన ఏ పలక దగ్గరైనా ఈ లెక్క రాస్తారా?

అలాగని నేను గోడని వెనకేసుకురావడం లేదు. దాని అధికారిక నామం "ఫాసిజం వ్యతిరేక రక్షణ ప్రాకారం". రక్షణ! ఈ మాట వినగానే మనలో ఎవరికైనా ఒళ్ళు జలదరించదా? నేను చదివిన హాస్టలు ప్రహరీ మీద గాజుపెంకులు గుచ్చి ఉండేవి. రాత్రి ఎనిమిదికి గేటు మూసేవారు. మీ రక్షణ కోసమే అనేవారు. ఆ పెంకులు ఏ వైపు వాలి ఉన్నాయో ఒకరోజు మేడమీంచి చూశాం. లోపలి వైపు. 2015లో ఢిల్లీ అమ్మాయిలు "పింజ్రా తోడ్" అని వీధిలోకి వచ్చినప్పుడు నాకు ఆ పెంకులే గుర్తొచ్చాయి. కాపాడడానికి కట్టిన గోడ, పారిపోకుండా కట్టిన గోడ ఒకటేనని ఆడవాళ్ళకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? శిశుసంరక్షణ కేంద్రం ఇచ్చిన రాజ్యమే కిటికీకి ఇటుకలు కట్టింది. నెలకో రోజు ఇంటిపని కోసం జీతంతో సెలవిచ్చింది, అదీ దాదాపుగా ఆడవాళ్ళకే. ఇంటిపని ఎవరిదో గోడకి రెండు పక్కలా ఒకటే అభిప్రాయం! ఈ మొత్తం చిక్కుముడిని చెప్పకుండా "స్వేచ్ఛ గెలిచింది" అని ఒక పలక నిలబెడితే అది చరిత్ర కాదు, ప్రకటన బోర్డు.

1989 అంటే ప్రపంచానికి గోడ కూలిన ఏడాది. అదే 1989లో తమిళనాడు మదురై జిల్లా ఉత్తపురంలో దళితుల దారికి అడ్డంగా అగ్రకులాలవాళ్ళు గోడ కట్టుకున్నారు. బెర్లిన్‌లో వాళ్ళు సుత్తులు పట్టుకుంటుంటే మనవాళ్ళు తాపీలు పట్టుకున్నారు. 2008 మే నెలలో అధికారులు ఆ గోడలో కొంతభాగం పడగొడితే, అగ్రకుల కుటుంబాలు అలిగి ఊరు వదిలి కొండ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాయి. 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున మేట్టుపాళయం దగ్గర ఒక సంపన్నుడి ఇంటి ప్రహరీ వానకి తడిసి దళితుల ఇళ్ళ మీద కూలింది. 17 మంది చనిపోయారు. దాన్ని అంటరానితనం గోడ అని అక్కడివాళ్ళు ముందునుంచీ అంటూనే ఉన్నారు. ఈ గోడల ముక్కలు ఏ పార్లమెంటు ముందు, ఏ విశ్వవిద్యాలయం ఆవరణలో పెడదాం? దూరదేశపు గోడ ముక్కకి దండ వేయడం తేలిక. మన ఊరి గోడ ముక్కని మనం ముట్టుకోవాలంటే అది మన ఇంటిదని ఒప్పుకోవాలి.

ఒప్పుకుంటున్నాను. బెర్నావర్ వీధిలో నాకు ఊపిరాడకుండా చేసింది ఈడా పేరు ఒక్కటే కాదు. అక్కడ చనిపోయినవాళ్ళ ఫోటోలు చిన్న చిన్న కిటికీల్లా అమర్చారు. ఒక్కొక్క ముఖం, ఒక్కొక్క పేరు చదువుకుంటూ పోతుంటే, హైదరాబాదులో మా హాల్లోని షోకేసు గుర్తొచ్చింది.

ఆ షోకేసులో కొండపల్లి బొమ్మలకీ మా అమ్మాయి చిన్నప్పటి ఫోటోకీ మధ్య ఒక ఇటుక ఉంది. కృష్ణాజిల్లాలో మా తాతయ్య కట్టించిన మండువా ఇల్లు పడగొట్టినప్పుడు స్తంభాలూ తలుపులూ పాతసామాన్ల వ్యాపారి కొనుక్కుపోయాడు. నేను మాత్రం ప్రహరీ గోడలోంచి ఒక ఇటుక తెచ్చుకున్నాను. ఇంటికొచ్చినవాళ్ళకి చూపించి, పండగలకి మా నాయనమ్మ ఆ గోడకి వేసిన సున్నం ఇదిగో అని మురిసిపోయేదాన్ని. దానిమీద ఒక వ్యాసం కూడా రాశాను. మీలో కొందరు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు.

ఆ ప్రహరీకి గొడ్లచావిడి వైపు అడుగున ఒక కంత ఉండేది. రోజూ మధ్యాహ్నం దాటాక ఒక ఆవిడ వచ్చి గోడ అవతల నిలబడేది. చావిట్లో పేడ తీసి, కసువు ఊడ్చి వెళ్ళే మనిషి. ఆ పని చేసేటప్పుడు లోపలికి రావచ్చు, అన్నం తీసుకునేటప్పుడు రాకూడదు. "అమ్మగోరూ" అని పిలిస్తే, మా నాయనమ్మ "అది వచ్చినట్టుంది చూడవే" అనేది. నేను గిన్నె తీసుకెళ్ళి కంత దగ్గర పెడితే ఒక చెయ్యి లోపలికి వచ్చి తీసుకునేది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ తెలుసు. ముంజేతి మీద పచ్చబొట్టు, రెండు గాజులు. ముఖం సరిగ్గా గుర్తులేదు. పేరు అసలే తెలియదు. పదేళ్ళపాటు ఆవిడ చేతికి అన్నం గిన్నె అందించాను, పేరు అడగలేదు. బెర్లిన్‌లో పరాయి స్త్రీల పేర్లు డైరీలో రాసుకుంటూ నిలబడ్డ నేను, ఆవిడని "అది" అనే సర్వనామంతో గుర్తుపెట్టుకున్నాను.

తిరిగొచ్చాక ఊళ్ళో ఉన్న మా పిన్నికి ఫోన్ చేశాను. "దాని పేరుతో ఇప్పుడు నీకేం పనే?" అంది. చివరికి నా పాత విద్యార్థి ఒకరి ద్వారా ఆవిడ మనవరాలి ఆచూకీ తెలిసింది. విజయవాడ దగ్గర హైస్కూల్లో ప్రధానోపాధ్యాయురాలు. వెళ్ళి కలిశాను. కాఫీ ఇచ్చారు. నేను ఇటుక సంగతి చెప్పి, దాని పక్కన వాళ్ళ అమ్మమ్మగారి పేరు రాసిన కార్డు పెట్టాలనుకుంటున్నానన్నాను. గొంతు బొంగురుపోయింది కూడా. నాలోని స్త్రీవాది నాకే ముచ్చటగా కనపడిన క్షణం అది.

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మా అమ్మమ్మ పేరు నాకు తెలుసు మేడమ్. మా పిల్లలకీ తెలుసు. మీ ఇటుక పక్కన ఎందుకు? ఆవిడ నాట్లేసే ముఠాకి పెద్ద. కూలి రేటు తేలందే ఒక్కరినీ మళ్ళో దిగనిచ్చేది కాదు. అవన్నీ వదిలేసి ఆ కంత దగ్గర చెయ్యి చాపిన మనిషిగా మీ హాల్లో నిలబెడతారా? ఆ గోడ మీదండీ. పేరు రాయాలనుకుంటే అది కట్టినాయన పేరు రాయండి."

నాకు జవాబు రాలేదు. ఇప్పటికీ లేదు. అందుకే ఈ వ్యాసంలో ఆవిడ పేరు లేదు. ఈడా, ఓల్గా పేర్లు నేను రాయగలిగానంటే, అవి ఆ వీధిలో, వాళ్ళు దూకిన చోట, అందరూ చదివేలా రాసి ఉన్నాయి కాబట్టి. అయినా వాళ్ళని కూడా నా వాదనకి అలంకారంగా వాడుకున్నానేమో అన్న అనుమానం ఆ మాటల తర్వాత నన్ను వదల్లేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఇటుకని చేతిలోకి తీసుకుని చూశాను. సున్నం వేసిన వైపు లోపలిది. నేను ఇన్నేళ్ళూ అందరికీ చూపించింది అదే. రెండో వైపు నల్లగా, నాచు ఎండిన మరకలతో, ఎవరూ ఏమీ పూయని ముఖం. ఆవిడ రోజూ చూసింది దాన్ని. వాటికన్‌నీ కేసినోనీ వెక్కిరించే హక్కు నాకెక్కడిది? నేనూ రంగువైపే తిప్పి పెట్టుకున్నాను.

కాబట్టి మా కవి మిత్రుడికి నేను చెప్పేది ఇదీ. గోడ ముక్కని నలుగురిలో పెట్టవద్దని నేననడం లేదు. దాచేస్తే ఇంకా ప్రమాదం. కానీ పెట్టేవాళ్ళు కొన్నిటికి జవాబు చెప్పాలి. అది కట్టిందెవరో, ఎందుకని చెప్పి కట్టారో పేర్లతో సహా రాయాలి. రెండు ముఖాలూ కనపడేలా, చుట్టూ తిరిగి చూడగలిగేలా నిలబెట్టాలి. ఎవరి దారికి అది అడ్డం పడిందో, వాళ్ళు ఎవరి అనుమతీ తోడూ లేకుండా వచ్చి చూడగలిగే చోట పెట్టాలి. వాళ్ళ పేరు, వాళ్ళ బొమ్మ పెట్టాలా వద్దా అన్నది వాళ్ళని అడగాలి. వద్దంటే ఊరుకోవాలి. అది కూలినప్పుడు ఎవరికి ఏం దక్కిందో, ఎవరికి ఏం పోయిందో ఆ లెక్కా రాయాలి. ఇవేవీ చేయకుండా పెట్టే ముక్క యూరినల్స్ బిగించినా, పూలదండ వేసినా ఒకటే. గెలిచినవాడి గోడకి ఇంకో వరస ఇటుక.

ఇప్పుడు మా షోకేసులో ఇటుక రెండో వైపు తిరిగి ఉంది. పక్కన కార్డు మీద మా తాతయ్య పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా రాసిపెట్టాను. కింద రెండు వాక్యాలు: ఈ గోడకి గొడ్లచావిడి వైపు ఒక కంత ఉండేది, అన్నం అందులోంచి ఇచ్చేవాళ్ళం. అది చూసిన దగ్గర్నుంచీ మా తమ్ముడు మా ఇంటికి రావడం మానేశాడు. తాతయ్య పరువు తీశానట.

మొన్న మా కవి మిత్రుడు వచ్చి కార్డు చదివాడు. ఈసారి నవ్వలేదు. "ఇది హాల్లో పెట్టుకునే వస్తువేనా అండీ?" అన్నాడు.

"మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి" అన్నాను.